పేరు కలిసింది సరే, మనిషి?

పెళ్ళి సంబంధం ఒకటి వచ్చిందంటే మన ఇళ్ళలో ముందు మొదలయ్యేది వాకబు. అబ్బాయిది ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎవరి మనవడు, తల్లి ఎవరింటి ఆడపడుచు? ఇవన్నీ కనుక్కున్నాక ఆ చుట్టుపక్కల మనవాళ్ళెవరైనా ఉన్నారా అని చూస్తారు. ఉత్త 'వెంకటేశ్వర్లు' అన్న పేరు చేతిలో పెట్టి విచారించుకు రమ్మంటే ఎంత ఓపికున్న మేనమామైనా కదలడు. ఏ వెంకటేశ్వర్లు? కిరాణాకొట్టు వెంకటేశ్వర్లా, కాలవగట్టు వెంకటేశ్వర్లా, పోస్టుమాస్టారి రెండోవాడా? ఆ వాకబులో పక్షపాతం ఉండేది, కులం లెక్కలు ఉండేవి, గిట్టనివాళ్ళు చెప్పే చాడీలూ ఉండేవి. ఒకరి నింద మరొకరి మీద పడటం మాత్రం అరుదు. అడిగేవాళ్ళకూ చెప్పేవాళ్ళకూ మనిషి ఎవరో తెలుసు.

ఇప్పుడు వాకబు కంపెనీల పని అయింది. హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న ఏ కుర్రాణ్ణి కదిపినా 'బీజీవీ నడుస్తోంది' అంటాడు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు వాళ్ళు పెట్టుకున్న పొట్టి పేరు అది. గుర్తింపు కార్డులు, చిరునామా, చదువు, పాత ఉద్యోగాలు, కోర్టు కేసులు, అంతర్జాతీయ ఆంక్షల జాబితాలు అన్నీ ఒక ఏజెన్సీ చూస్తుంది. అంతా సరిపోతే ఆకుపచ్చ, అనుమానముంటే పసుపు, తేడా వస్తే ఎరుపు రంగు వేసి నివేదిక పంపుతుంది. చదువు దగ్గర హాల్‌టికెట్ నంబరుంది. పాత ఉద్యోగం దగ్గర ఎంప్లాయీ ఐడీ, పీఎఫ్ దగ్గర యూఏఎన్ ఉన్నాయి. అక్కడ పేరులో అక్షరం అటూ ఇటూ అయినా నంబరు పట్టుకుని ముందుకు పోవచ్చు. కోర్టు కేసుల్లో, ఆంక్షల జాబితాల్లో వెతకడానికి అలాంటి నంబరేదీ చేతిలో ఉండదు. అక్కడ పట్టుకోవడానికి ఉన్నది పేరొక్కటే. నివేదిక ఎర్రబడితే అసలు ప్రమాదం ఉన్నదీ అక్కడే.

'పేరు కచ్చితంగా ఉండాలి' అని హెచ్‌ఆర్ వాళ్ళు చెబుతారు. ఆ మాటను రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. అన్ని కాగితాల్లోనూ ఒకే అక్షరాలు ఒకే వరసలో ఉండాలన్నది ఒకటి. అన్ని కాగితాలూ ఒకే మనిషివై ఉండాలన్నది రెండోది. కంపెనీకి నిజంగా కావలసింది రెండోది. అది తేల్చడం కష్టం కాబట్టి మొదటిదాన్ని అడిగి సరిపెట్టుకుంటోంది. ఈ విషయం మీద దేశదేశాల్లో జరిగిన పొరపాట్లను, వచ్చిన తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే గొడవంతా ఈ సరిపెట్టుకోవడంలోనే కనిపిస్తుంది.

ముందుగా, పేరు సరిగా చూడకపోతే దోషి ఎలా జారిపోతాడో చూద్దాం. ఇంగ్లండులోని సోహమ్ అనే ఊళ్ళో 2002 ఆగస్టులో పదేళ్ళ అమ్మాయిలు ఇద్దరు హత్యకు గురయ్యారు. హంతకుడు ఇయాన్ హంట్లీ అక్కడి స్కూల్లో కేర్‌టేకర్. అతని మీద అంతకుముందు వేరే ప్రాంతంలో ఎన్నో ఫిర్యాదులున్నాయి. స్కూలు ఉద్యోగానికి అతను తల్లి పుట్టింటి పేరు చేర్చుకుని ఇయాన్ నిక్సన్‌గా దరఖాస్తు పెట్టుకున్నాడు. తనిఖీలో నిక్సన్ పేరుతోనే వెతికారు, హంట్లీ పేరుతో వెతకలేదు. 2004లో వెలువడిన బిచర్డ్ విచారణ నివేదిక ఈ లోపాన్ని వేలెత్తి చూపింది. ఫిర్యాదుల వివరాలు నిలవ చెయ్యని పోలీసులనూ తప్పుబట్టింది కాబట్టి, పేరు ఒక్కటి సరిచూస్తే అంతా ఆగిపోయేదని అనలేం. అయినా ఇప్పుడు బ్రిటన్‌లో పిల్లల దగ్గర పనిచేసేవాళ్ళు తనిఖీ ఫారంలో ఇప్పటిదాకా వాడిన పేర్లన్నీ, ఏది ఎప్పటి నుంచి ఎప్పటిదాకా వాడారో సహా రాయాల్సిందే.

రెండో వైపు దెబ్బ తగిలేది అమాయకులకు, వాళ్ళ సంఖ్య చాలా పెద్దది. 2011 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఒకాయన భార్యను, మామగారిని వెంటబెట్టుకుని నిస్సాన్ డీలర్ దగ్గరికి కారు కొనడానికి వెళ్ళాడు. ట్రాన్స్‌యూనియన్ సంస్థ ఇచ్చిన క్రెడిట్ రిపోర్టులో ఆయన పేరు అమెరికా ఆర్థిక శాఖ ఆంక్షల జాబితాతో కలిసిందన్న హెచ్చరిక ఉంది. ఆ జాబితాలో ఉండేది ఉగ్రవాదులు, మాదకద్రవ్యాల ముఠాలవాళ్ళు. కారు అమ్మబోమన్నారు. చివరికి భార్య పేరు మీద కొన్నారు. ఆ హెచ్చరిక పుట్టింది ఎలాగంటే, సంస్థ సాఫ్ట్‌వేరు మొదటి పేరు, చివరి పేరు మాత్రమే పోల్చింది. పుట్టిన తేదీ చూడలేదు, మధ్య పేరు చూడలేదు. ఆయన వేసిన కేసులో ఇలాంటి హెచ్చరిక తగిలినవాళ్ళు 8,185 మంది అని తేలింది. 2021 జూన్ 25న అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పిస్తూ, రిపోర్టు బయటి వ్యాపారులకు చేరిన 1,853 మందికి మాత్రమే నష్టపరిహారం అడిగే హక్కుందని చెప్పింది. మిగిలినవాళ్ళ ఫైళ్ళలో ఉగ్రవాది ముద్ర ఉన్నా అది ఎవరి కంటా పడలేదు కనుక నష్టం జరగలేదట. ఈ తర్కం నాకు మింగుడుపడదు. ఇంట్లో పాము ఉంది, ఇంకా కరవలేదు కదా అన్నట్టుంది.

కారు దగ్గర ఆగితే అది అదృష్టమే. లెబనాన్ మూలాలున్న జర్మన్ పౌరుడు ఖాలిద్ ఎల్-మస్రీని 2003 చివరి రోజున మాసిడోనియా సరిహద్దులో ఆపారు. అల్‌ఖైదాతో సంబంధముందని వెతుకుతున్న ఇంకొకరి పేరు దాదాపు ఇదే. మూడు వారాలు హోటల్ గదిలో నిర్బంధించి సీఐఏకు అప్పగిస్తే, వాళ్ళు అఫ్ఘానిస్తాన్ తీసుకుపోయి నెలల తరబడి బంధించారు. తప్పు తెలిశాక 2004 మేలో అల్బేనియాలో ఒక రోడ్డు మీద వదిలేశారు. 2012లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం మాసిడోనియాను తప్పుబట్టి 60,000 యూరోలు ఇప్పించింది. అదే 2004లో అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీని విమానాశ్రయాల్లో పదేపదే ఆపారు, 'టి. కెనెడీ' అన్న పేరుకు దగ్గరగా ఉందని. అంతటి మనిషికే పేరు తీయించుకోవడానికి వారాలు పట్టింది. 2009లో నెవార్క్ విమానాశ్రయంలో షారుఖ్ ఖాన్‌ను కూర్చోబెట్టి ప్రశ్నించినప్పుడు మన టీవీలు గోల చేశాయి. 'ఖాన్' అనే పేరున్న మామూలు మనిషి అదే గదిలో గంటలు కూర్చుంటే ఏ కెమెరా అటు వెళ్ళదు.

తెలుగు పేర్ల సంగతి చూస్తే ఈ యంత్రాలకు ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదేమో అనిపిస్తుంది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. పిలుపు పెట్టిన పేరుతోనే. ఇంటిపేరు చాలామందికి జీవితాంతం పొడి అక్షరంగానే మిగిలిపోతుంది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు విదేశీ పత్రికలు ఆయన్ను 'మిస్టర్ రావు' అని రాసేవి. రావు ఆయన ఇంటిపేరు కాదు, పాములపర్తి ఇంటిపేరు. పాశ్చాత్య ఫారంలో చివరి పేరు గడి దగ్గర తెలుగువాడు ఆగి ఆలోచించాల్సి వస్తుంది. 'రావు' రాయాలా, ఇంటిపేరు రాయాలా? నాదెళ్ల సత్యనారాయణ అక్కడ సత్య నాదెళ్ల అయి ఇబ్బంది లేకుండా ఒదిగిపోయారు. ఆ తిప్పడం ఒక కాగితంలో జరిగి, ఇంకో కాగితంలో జరగకపోతే మాత్రం ఒక మనిషికి ఇద్దరు తయారవుతారు.

పొడి అక్షరాలతో ఇంకో చిక్కుంది. సినారె పేరు తెలియని తెలుగువాడుండడు. ఆయన ఇంటిపేరు సింగిరెడ్డి. తెలుగులో 'సి. నారాయణరెడ్డి' అంటే అంతా సవ్యమే. ఇంగ్లీషులో ఆ 'సి' కాస్తా మూడో అక్షరంగా స్థిరపడింది. కానీ సింగిరెడ్డిని ఇంగ్లీషులో రాయమంటే ఎక్కువమంది 'ఎస్'తో మొదలుపెడతారు. ఈ రోజు ఒక కుర్రాడి మెమోలో ఇలా ఉంటే పొడి అక్షరానికీ విస్తరించిన ఇంటిపేరుకూ పొంతన కుదరలేదని బీజీవీ ఫైలు పసుపు రంగుకు తిరుగుతుంది. మన దంత్య చ, దంత్య జ ఇంగ్లీషు లిపిలోకి ఎలా పోతాయో ఎవరి చేతిలోనూ లేదు. గురజాడ పేరు ఒక పుస్తకంలో 'జె'తో, ఇంకో పుస్తకంలో 'జెడ్'తో అచ్చయింది.

శ్రీనివాస్‌ను ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కపెట్టడం మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుంది. ఒక 'ఐ' ఉన్నవాళ్ళు, రెండు 'ఈ'లు ఉన్నవాళ్ళు, 'ఎస్' పక్కన 'హెచ్' చేర్చినవాళ్ళు, చివర 'ఎ' ఉన్నవాళ్ళు. లక్ష్మికి కొందరు 'ఎక్స్' వాడతారు, కొందరు 'కె, ఎస్, హెచ్' మూడూ వాడతారు. మూర్తిలో 'హెచ్' ఉందా లేదా, 'యూ' ఒకటా, 'ఓ'లు రెండా అన్నది రాసిన గుమాస్తా చదువుకున్న బడిని బట్టి. ఎల్లయ్య తన పేరు 'ఈ'తో రాస్తాడు, అతని మనవడు తాతపేరు పెట్టుకుని 'వై'తో రాస్తాడు. ఏడుకొండలుదీ అదే కథ. మహమ్మద్ 'ఎండీ' అవుతుంది, 'మొహద్' అవుతుంది, పూర్తి పేరుగానూ రెండు మూడు వర్ణక్రమాల్లో ఉంటుంది. గుంటూరు, కర్నూలు వైపు వేలాదిమందికి షేక్ ఇంటిపేరు స్థానంలో ముందే ఉంటుంది. ఇవన్నీ చాలవన్నట్టు న్యూమరాలజీ ఒకటి. కలిసిరావడం లేదని పేరులో ఒక 'ఎ' అదనంగా చేర్చుకుని, ఆ తర్వాత అన్ని కార్డులూ మార్పించుకోలేక నోటరీ దగ్గర క్యూలో నిలబడిన ఒకాయన నాకు తెలుసు. గ్రహాలు శాంతించాయో లేదో చెప్పలేదు.

పొడవు ఇంకో సమస్య. గోదావరి జిల్లాల్లో ఇలవేల్పులందరినీ కలిపి పేరు పెట్టే అలవాటుంది. పాస్‌పోర్టు కింద యంత్రం చదివే రెండు వరసలుంటాయి. పైవరసలో 44 గడులు. దేశం కోడూ అవీ పోగా పేరుకు మిగిలేవి 39. ఊరికే ఒక పేరు అనుకుందాం: కొత్తపల్లి వెంకట సత్య నాగ లక్ష్మీ నరసింహ ప్రసాద్. ఇంగ్లీషు అక్షరాలు, మధ్య ఖాళీలు లెక్కవేసుకుంటూ పోతే 'లక్ష్మి' దగ్గరికి వచ్చేసరికి గడులు నిండుతాయి. పేరును తోక దగ్గర కత్తిరిస్తే మిగిలినది చదివినవాడికి ఆ మనిషి ఆడో మగో కూడా తప్పుగా తోస్తుంది.

ఇక ఆడవాళ్ళ పేర్లు. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, పెళ్ళయ్యాక తీసుకున్న ఆధార్‌లో అత్తింటిది, పాన్ కార్డు ఉద్యోగంలో చేరిన రోజుల్లో తీసుకున్నది కాబట్టి మళ్ళీ పుట్టింటిది. పాన్ నంబరులో ఐదో అక్షరం మనిషి చివరి పేరులోని మొదటి అక్షరం. అంటే పెళ్ళితో మారే పేరు పెళ్ళితో మారని నంబరులో ఇరుక్కుని ఉంది. విడాకులు తీసుకుంటే ఇంకో వరస. ఏజెన్సీ ఫారంలో మాత్రం 'పేరు (ఆధార్‌లో ఉన్నట్టు)' అన్న గడి ఒకటే ఉంటుంది. పెళ్ళికి ముందు అయిదేళ్ళు చేసిన ఉద్యోగం రుజువు చెయ్యలేక అనుభవంలో ఆ అయిదేళ్ళు వదులుకున్న అమ్మాయిలున్నారు. వాళ్ళు ఫిర్యాదు చెయ్యరు. ఉద్యోగం దొరికింది కదా అని ఊరుకుంటారు. మగవాళ్ళలో దత్తత వెళ్ళినవాళ్ళకు ఇలాంటి ఇబ్బందే ఉంటుంది కాని, వాళ్ళు తక్కువ.

గల్ఫ్ దారి పట్టినవాళ్ళకు పేరులోని ఖాళీయే గోడ అయింది. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్ళేవాళ్ళలో పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు ఉన్నారు. 2022 నవంబరు 21 నుంచి యూఏఈ ఒంటి పేరున్న పాస్‌పోర్టులతో సందర్శక వీసా మీద రానివ్వబోమంది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే పరవాలేదని తర్వాత సర్దింది. అమెరికా వీసాలో పెట్టిన పేరు గడి ఖాళీగా ఉన్నవాడికి 'ఎఫ్‌ఎన్‌యూ' అని అచ్చవుతుంది, మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు దగ్గర నుంచి అన్నిటికీ ఆ మూడక్షరాలు వెంటపడతాయి. తల్లిదండ్రులు బారసాల చేసి పెట్టిన పేరు తెలియదని ఒక ప్రభుత్వం కాగితం మీద రాసివ్వడం మనిషికి ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

అక్షరాలు తేడాగా ఉన్నా మనిషి ఒకడే అని పట్టుకోవడానికి యంత్రాలకు నేర్పిన విద్యలు పాతవే. 1918లో రాబర్ట్ రసెల్ అనే అమెరికన్ పేటెంటు తీసుకున్న సౌండెక్స్ పద్ధతి పేరులో మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులు తీసేసి, హల్లులకు అంకెలు వేస్తుంది. 1930లలో అమెరికా పాత జనాభా లెక్కల కాగితాలకు ఈ పద్ధతిలోనే సూచికలు తయారుచేసుకుంది. మన పేర్ల మీద దీన్ని ప్రయోగించి చూశాను. 'ఎక్స్' లక్ష్మికీ 'కె-ఎస్-హెచ్' లక్ష్మికీ ఒకే కోడు వస్తుంది: ఎల్ 250. భేష్ అనుకునేలోపు లఖన్‌కూ అదే కోడు, లోగన్ అనే తెల్లదొరకూ అదే. రావు, రాయ్ ఇద్దరూ ఆర్ 000. తెలుగు రావు, బెంగాలీ రాయ్ యంత్రం దృష్టిలో కవల పిల్లలు. 'ఈ'తో రాసిన ఎల్లయ్య, 'వై'తో రాసిన ఎల్లయ్య మాత్రం ఒకరి మొహం ఒకరు ఎరగరు, ఎందుకంటే మొదటి అక్షరాన్ని అది ముట్టుకోదు.

ఇంకో పద్ధతి ఒక పేరును ఇంకో పేరుగా మార్చాలంటే ఎన్ని అక్షరాలు దిద్దాలో లెక్కిస్తుంది. 1965లో సోవియట్ గణితవేత్త లెవెన్‌ష్టైన్ చెప్పినది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక లక్ష్మిని ఇంకో లక్ష్మిగా మార్చడానికి మూడు దిద్దుబాట్లు కావాలి. రమేష్‌ను సురేష్‌గా మార్చడానికీ మూడే. రమణను రావణుడిగా మార్చడానికి ఒక్క అక్షరం చాలు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు వీటికంటే తెలివైనవే, కానీ నూటికి ఇంత పోలిక ఉంటే పట్టుకో అని గీత గీయాల్సింది మనిషే. గీత కిందికి జరిపితే అమాయకులు వలలో పడతారు, పైకి జరిపితే దోషులు జారిపోతారు. ఆ గీత ఎక్కడ పెట్టారో ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి ఎవరూ చెప్పరు.

మన దేశంలో కోర్టు కేసుల వెతుకులాట ఎలా జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి. ఈ-కోర్టుల వెబ్‌సైట్లో జిల్లా, కోర్టు సముదాయం, సంవత్సరం ఎంచుకుని కక్షిదారు పేరు కొడితే కేసులు వస్తాయి. ఫలితాల్లో పుట్టిన తేదీ ఉండదు. ఆ పేరు అక్కడికి ఎలా చేరిందో ఆలోచించండి. నిందితుడు నోటితో చెప్పాడు. స్టేషన్లో రైటర్ తెలుగులో ఎఫ్‌ఐఆర్ రాశాడు. దాన్ని ఇంకెవరో ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎక్కడో నోయిడాలో, బెంగళూరులో కూర్చున్న ఏజెన్సీ ఉద్యోగి తన ఫైల్లో ఉన్న ఇంగ్లీషు పేరుతో దాన్ని పోల్చాడు. నిందితుడు పోగా మిగిలిన ఈ ముగ్గురిలో పేరుగల మనిషిని చూసినవాడు ఒక్క రైటరే. పశ్చిమ గోదావరి జిల్లాలో 'బి. శ్రీనివాసరావు' అని వెతికితే ఎన్ని కేసులు వస్తాయో తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. తెలుగు తెలియని ఏజెన్సీ ఉద్యోగికి అది అరుదైన పేరులా కనిపిస్తుంది. పదమూడు అక్షరాల పేరు అచ్చంగా కలిసింది కదా, ఇంకెవరై ఉంటారు అనుకుంటాడు. ఒక పేరు ఆ ప్రాంతంలో ఎంత మామూలుదో తెలియకుండా ఆ పేరు కలవడానికి విలువ కట్టలేం. నా లెక్కలో ఈ తనిఖీలన్నిటిలో అతిపెద్ద లోపం అదే. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

పరిశ్రమకు ఇది తెలియదని కాదు. 2006లోనే నాస్కామ్ నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీని పెట్టి ఐటీ ఉద్యోగుల ఫొటోతోపాటు వేలిముద్రలు కూడా తీసుకుంది. పేరు మీద ఆధారపడలేమని ఒప్పుకున్నట్టే కదా. అయితే వేలిముద్ర ఉద్యోగి ఎవరో చెబుతుంది. కోర్టు రికార్డులో ఉన్నది ఎవరో చెప్పదు, అక్కడ వేలిముద్ర లేదు గనుక.

చట్టం సంగతికొస్తే అమెరికాలో 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ఇలాంటి నివేదికలిచ్చే సంస్థలు సాధ్యమైనంత గరిష్ఠ కచ్చితత్వం పాటించాలంటుంది. అంతకన్నా ముఖ్యం ఇంకొకటుంది: నివేదిక చూసి ఉద్యోగం నిరాకరించబోయే యజమాని, నిరాకరించే ముందే దాని ప్రతిని అభ్యర్థికివ్వాలి. 2015లో అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ రెండు పెద్ద తనిఖీ కంపెనీల మీద చర్య తీసుకుంది. మామూలు పేర్లున్నవాళ్ళ కోర్టు రికార్డులు జోడించేటప్పుడు సరైన పద్ధతి పాటించలేదని, మధ్య పేరు కూడా అడగలేదని వాళ్ళ మీద అభియోగం. బాధితులకు ఒక కోటీ 5 లక్షల డాలర్లు, జరిమానాగా 25 లక్షల డాలర్లు కట్టించారు. పని చేసే అర్హతను సరిచూసే ఈ-వెరిఫై వ్యవస్థలో కూడా పేరు తేడా వస్తే ఉద్యోగి దాన్ని సవాలు చేస్తున్నంతకాలం యజమాని తీసెయ్యకూడదు. అక్కడి తెలుగువాళ్ళలో ఈ నియమం వల్ల ఊపిరి పీల్చుకున్నవాళ్ళుంటారు.

మన దగ్గర ఉద్యోగ తనిఖీ ఏజెన్సీలకంటూ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. రుణాల సమాచారానికి 2005 చట్టం ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఒక మంచి నిబంధన ఉంది: మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడే సమాచారం సంపూర్ణంగా, కచ్చితంగా, పొంతనతో ఉండేలా చూసుకోవడం ఆ సమాచారం వాడే సంస్థ బాధ్యత. దిద్దించుకునే హక్కు కూడా ఇచ్చింది. కానీ తన గురించి ఏం రాశారో ముందుగా చూపించకపోతే ఏం దిద్దమని అడుగుతాడు? ఆఫర్ 'హోల్డ్'లో ఉందన్న మాట తప్ప కారణం తెలియని పిల్లలు నెలలు గడిపేస్తున్నారు. అసలు ముందుగా రావలసిన నియమం ఇదేనని నా అభిప్రాయం: ఎరుపు రంగు వేసేముందు ఆ కాగితం అభ్యర్థి చేతిలో పెట్టాలి. అది తన కేసు కాదని అతను అయిదు నిమిషాల్లో చెప్పగలడు. ఎందుకంటే కేసులో ఉన్న శ్రీనివాసరావు తండ్రి పేరు వేరు.

అక్షరాల తేడా ఎంత దూరం పోగలదో అస్సాం చూపించింది. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు తమ కుటుంబం ఇక్కడే ఉందని రుజువు చేసుకోవడానికి జనం 1951 పౌర పట్టికలూ పాత ఓటర్ల జాబితాలూ పట్టుకుని తిరిగారు. 2019 ఆగస్టు 31 నాటి పౌర పట్టిక తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. అన్నిటికీ కారణం వర్ణక్రమం కాదు గాని, తాత పేరులో ఒక అక్షరం, ఊరి పేరులో ఒక అక్షరం తేడా వచ్చినందుకు ట్రిబ్యునళ్ళ చుట్టూ తిరిగినవాళ్ళు లెక్కలేనంతమంది. 2012లో విదేశీయుడని ముద్ర పడిన ఒకాయన కేసులో సుప్రీంకోర్టు 2024 జూలైలో ఆ ముద్రను చెరిపేసింది. పేర్ల వర్ణక్రమంలో, తేదీల్లో చిన్నచిన్న తేడాలు మన దేశంలో మామూలేనని, వాటిని పట్టుకుని పౌరసత్వం తీసెయ్యడం కుదరదని చెప్పింది. 2021 జూన్‌లో సీబీఎస్‌ఈ కేసులోనూ ఇదే కోర్టు, పేరు మనిషి భావ ప్రకటనలో భాగమంటూ సర్టిఫికెట్లలో మార్పులకు దారి ఇవ్వాలని బోర్డుకు చెప్పింది. దేశ పౌరసత్వం దగ్గరే పనికిరాదన్న తేడా ఒక కోడింగ్ ఉద్యోగం దగ్గర ఎందుకు అంత పెద్దదవుతుందో నాకు అంతుపట్టదు.

దిద్దుకునే భారమంతా మనిషి మీదే పడింది. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. దాన్ని బట్టి పాన్, పాన్‌ను బట్టి బ్యాంకు, పీఎఫ్. వీటన్నిటికీ మూలం టెన్త్ మెమో. అందులో పేరు రాసింది ఒకటో తరగతిలో చేర్చుకున్నప్పుడు రిజిస్టరు ముందేసుకున్న హెడ్మాస్టరు. చదువురాని తల్లి చెప్పిన పేరు ఆయన చెవికి ఎలా వినపడితే అలా రాశారు. పుట్టినరోజు తెలియదంటే జూన్‌లో ఏదో తేదీ వేశారు. నలభై ఏళ్ళ తర్వాత ఆ రిజిస్టరులోని అక్షరం పదవీ విరమణ చేయబోతున్న మనిషి పీఎఫ్ డబ్బును ఆపుతుంది. మాకు ఇలాంటి విషయాలు తెలియని రోజుల్లో మా నాన్న నా పేరును ఒక్కో దరఖాస్తులో ఒక్కోలా రాశాడు, పాపం ఇంగ్లీషు అంటే ఆయనకు ఉన్న గౌరవం కొద్దీ ప్రతిసారీ ఇంకో అక్షరం కలిపేవాడు. ఒక కంపెనీలో చేరినప్పుడు 'ఈ ముగ్గురూ నేనే' అని స్టాంపు పేపరు మీద ప్రమాణం చేసి ఇవ్వాల్సి వచ్చింది. నోటరీ గారు మొహం ఎత్తి నన్ను చూడకుండానే సంతకం పెట్టారు.

బాగా చేసే ఏజెన్సీలు లేకపోలేదు. అవి పేరు కలిసిన తర్వాతే పని మొదలుపెడతాయి. తండ్రి పేరు, వయసు, కేసు నాటి చిరునామా తెప్పిస్తాయి, అవసరమైతే కోర్టులో ఫైలు చూడటానికి న్యాయవాదిని పంపిస్తాయి, స్థానిక భాష చదవగలిగినవాళ్ళను పెట్టుకుంటాయి. దానికి రోజులు పడతాయి, ఖర్చవుతుంది. ఒక్కో ఫైలుకు ఇంత అని ధర తగ్గించమని బేరమాడే కంపెనీ, ఆ రేటుకు దొరికేది అక్షరాల పోలికేనని తెలిసే ఆడుతుంది. ఉద్యోగార్థి వైపు నుంచి చేయగలిగింది కొంత ఉంది. వాడిన పేర్లన్నీ, పుట్టింటి ఇంటిపేరుతో సహా, ఫారంలో గడి లేకపోయినా అడగకముందే రాసివ్వడం మంచిది. దాచిపెట్టినట్టు కనిపించడం కంటే ఎక్కువ చెప్పినట్టు కనిపించడమే మేలు.

మా తరం టెన్త్ సర్టిఫికెట్లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీతోపాటు గుర్తింపు చిహ్నాలని ఇంకో వరస ఉండేది. ఫారాలు నింపే రోజున క్లాసు మాస్టారు ఒక్కొక్కణ్ణీ పిలిచి, చొక్కా చేతులు పైకి మడిపించి, రెండు పుట్టుమచ్చలు వెతికి రాసుకునేవారు. ఒకటే ఉన్నవాడు రెండోదాని కోసం మెడ వెనక్కి తిప్పి చూపించేవాడు. నా సర్టిఫికెట్లో కుడి మోచేతి కింద ఒకటి, ఎడమ చెంప మీద ఒకటి అని ఉన్నాయి. ఇప్పటికి నాలుగు ఉద్యోగాలు మారాను. స్పెల్లింగు నాలుగు చోట్లా అడిగారు, చెయ్యి చూపించమని మాత్రం ఎవరూ అనలేదు.